ఉలవక్క వచ్చే పాట

పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఆ రోజుల్లో ఇద్దరి మధ్య తగవు పెట్టాలంటే పొలం గట్టు అక్కర్లేదు, కోడిపుంజు అక్కర్లేదు. "ఉలవక్కకు తగిన పాట ఏది?" అని ఒక్క మాట అడిగి పక్కకు తప్పుకుంటే చాలు. మీరు ఇంటికి పోయి, కాళ్లు కడుక్కుని, సంగటి తిని, చెయ్యి తుడుచుకుంటూ తిరిగొచ్చినా వాళ్లు అక్కడే నిలబడి అరుచుకుంటూ ఉండేవాళ్లు.

ఉలవక్క మనిషి కాదు, తోలుబొమ్మ. మేకతోలును పల్చగా గీకి, కత్తిరించి, రంగులు అద్దిన, దాదాపు మనిషంత ఆడబొమ్మ. తెర మీద రాజులు యుద్ధాలకు తయారవుతూ, మంత్రులు నీతులు చెబుతూ ఉండగా, ముందు వరసలో పిల్లలు కునికిపాట్లు పడే వేళకు నడుం ఊపుకుంటూ వచ్చేది. లావుపాటి శరీరం, ఇంత కొప్పు, కొప్పులో ఎర్రటి పువ్వు, చెంపలదాకా పాకిన ముక్కుపుడక. ఆమెకు రాజు లేడు, మంత్రి లేడు. ఎవరినైనా ఏమే అనేది, ఎవరినైనా ఏరా అనేది. జనం తాము రాజుల కథ కోసం వస్తున్నామని చెప్పుకునేవాళ్లు గానీ, అది ఉత్త కోత. ఉలవక్క కోసమే వచ్చేవాళ్లు.

ఆమెకు పాటలు మూడు. ఒకటి సింగారం పాట. సంతకు పోయిన మామ మల్లెపూలు తెస్తాడా, మరో పెళ్లాన్ని తెస్తాడా అని అద్దంలో చూసుకుంటూ పాడేది. వయసులో ఉన్న మగవాళ్లంతా ఉలవక్క అంటే ఇదేనని ప్రమాణం చేసేవాళ్లు. ఇంకొకటి తిరగలి పాట. రాగులు విసురుతూ అత్తను, ఆడబిడ్డను, ఎప్పుడో చచ్చిపోయిన తాతను కూడా పేరుపేరునా తలుచుకుని ఏడ్చేది. ఆ ఏడుపు వింటే నవ్వాగేది కాదు. ముసలమ్మలందరికీ అదే గొప్ప. మూడోది ఆమె వచ్చే పాట. తెర మీద అడుగు పెడుతూనే అందుకునేది.

ఎవురే ఎవురే అని అడిగేటోళ్లకు
ఎదురే వచ్చినా నేను ఉలవక్క!
కుండలో గంజి లేకుంటే ఏమే,
కొప్పులో పువ్వుండాది సూడక్కా!

అంతే. ఇంత పొట్టి పాట. అది పాటే కాదు, పాడేముందు గొంతు సవరించుకోవడం అని వెక్కిరించేవాళ్లు కొందరు. అసలైన ఉలవక్క పాట అదేనని మొండికేసి వాదించేది మాత్రం రాఘవమ్మ. ఉలవక్కకు గొంతు ఇచ్చేది ఆవిడే కాబట్టి ఆవిడ మాటకు విలువ ఉండాలి కదా! ఏం విలువ? అందరికంటే ముందు కట్టుకున్న మగడే కొట్టిపారేసేవాడు.

రాఘవమ్మ బొమ్మలాట వాళ్లింట్లో పుట్టి, బొమ్మలాట వాళ్లింటికే కోడలుగా వచ్చింది. మేనత్త నాగరత్నమ్మ కొడుకు జయరావును చేసుకుంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది మరాఠీ కలిసిన ఆరెమాట, తెర వెనక పాడేది తెలుగు. ఒక బండి, రెండు ఎద్దులు, బొమ్మల పెట్టె, మద్దెల, తాళాలు, వంట కుండలు. తిరుపతి గంగజాతరకు ఒక ఏడు, చిత్తూరు పక్క పల్లెలకు ఒక ఏడు. ఎక్కడ ఆట ఉంటే అక్కడే పొయ్యి పెట్టుకునేవాళ్లు.

మనిషిని చూస్తే ఉలవక్క గొంతు ఈమెదా అని ఎవరూ నమ్మరు. బక్కగా, నల్లగా, పమిట భుజాల నిండా కప్పుకుని, నలుగురిలోకి వస్తే నేల చూసేది. ఊళ్లోకి పోతే గుమ్మం బయట నిలబడి దోసిలి పట్టి నీళ్లు తాగాలి. "ఏయ్ బొమ్మలామే" అంటే పలకాలి. పేరు అడిగినవాళ్లు లేరు, పీట వేసినవాళ్లు లేరు. ఆ నోటితో "అట్లేలే సామీ" అనడం తప్ప ఇంకో మాట పగటిపూట ఎవరూ విని ఎరగరు. పొద్దుగూకి, తెర కట్టి, దీపం వెలిగాక ఆ నోరే ఊరి పెద్దలను ఏరా అనేది. వాళ్లే పగలబడి నవ్వేవాళ్లు.

ఆ గొంతు ఆమెకు ఊరికే రాలేదు. అంతకుముందు ఉలవక్కకు పాడింది నాగరత్నమ్మ. కోడల్ని ఏటి ఇవతలి గట్టు మీద నిలబెట్టి, తాను అవతలి గట్టు మీద కూర్చుని, "వినపడలే! ఇంకోతూరి!" అని గొంతు బొంగురుపోయేదాకా అరిపించేది. పాడడం వచ్చింది గానీ ఉలవక్క రాలేదు. యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క, చింతగింజలు ఉడకేసుకుని తిన్న ఏడు వచ్చింది. పొద్దుటినుంచి కడుపులో ఏమీ పడకుండా రాఘవమ్మ తెర వెనక నిలబడి, "కుండలో గంజి లేకుంటే ఏమే" అని ఎత్తుకుంది. ఆ మాట దగ్గర ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపం మీద కొప్పులో పువ్వుందన్న మాట ఎగిరి వెళ్లి చివరి వరసలో పడింది. తాళం వేస్తున్న నాగరత్నమ్మ చెయ్యి ఆపి కోడలి మొహం చూసింది. మరుసటి రోజునుంచి ఉలవక్కను ముట్టుకోలేదు. "ఇంక ఆమె నీది" అన్నది.

అదీ రాఘవమ్మకు ఆ పాట మీద ఉన్న పట్టు. ఇంక తగవులోకి వద్దాం.

నల్లగుట్టపల్లెకు మునసబు చెంగల్రాయుడు. యుద్ధం కాలంలో కిరసనాయిలు కంట్రోలు కదా, ఊరికి వచ్చేది ఆయన చేతిమీదుగానే రావాలి. ఊళ్లో వాళ్లకు సీసా అడుగున తడి తగిలేంత. ఆయన కూతురి పెళ్లికి మాత్రం పందిరి నిండా గ్యాసులైట్లు. ఆ పెళ్లయిన కొత్తలోనే అక్కడ బొమ్మలాట పడింది. ఉలవక్క వచ్చింది, వచ్చే పాట పాడింది, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూసింది.

"ఏం మే, ఊరంతా సీకటి, ఒక్కింట్లోనే పగలు! సూరీడు ఆడనే కాపరం పెట్టేసినాడా ఏంది?"

అబ్బో, ఆ నవ్వులు! ఆడవాళ్ల పక్క పమిట చెంగులు నోట్లో కుక్కుకున్నారు. మగవాళ్లు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు. చెంగల్రాయుడు కూడా పళ్లు బయటపెట్టాడు, ఏం చేస్తాడు మరి? కానీ ఆ మాట ఊళ్లో ఉండిపోయింది. ఆయన వీధిలో పోతుంటే ఏ అరుగు మీదనుంచో "సూరీడొస్తా ఉండాడు" అని గుసగుస. ఆయన లోపల అది ఏడాది పొడుగునా ఉడికింది.

మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. ఏరు ఇసకై పోయింది. వాన కోసం బొమ్మలాట ఆడించడం ఆ పల్లెల్లో ఆనవాయితీ. శత్రువులు తోలుకుపోయిన ఆవుల మందను మళ్లించుకొచ్చే కథ ఆడిస్తే మబ్బు కదులుతుందని నమ్మకం. మేళం అప్పుడు ఏటి గట్టు మీద దిగి ఉంది. నల్లగుట్టపల్లె తలారి కుప్పయ్య ఆటకు పిలుపుగా తాంబూలం పట్టుకుని వచ్చాడు. తాంబూలంతోపాటు మునసబు మాట కూడా తెచ్చాడు.

"జయరావూ, ఉలవక్క ఆ పాట పాడకూడదంట. వచ్చేటప్పుడు రెండు చేతులూ జోడించుకుని రావల్లంట. పోయిన ఏడు తప్పయిపోయింది, మునసబు నాయుడు సల్లగా ఉండల్ల అని పాడల్లంట. దాని నోటి దురుసుకే వాన ఎగిరిపోయిందని పెద్దాయన అంటా ఉండాడు. ఒప్పుకుంటే తాంబూలం తీసుకో. లేదంటే ఈ పక్క ఏ ఊళ్లోనూ మీ తెర లేవదు."

జయరావు రెండు చేతులూ చాచి తాంబూలం తీసుకున్నాడు. వట్టి పిరికివాడు అనుకోకండి. మద్దెల మీద చెయ్యి వేస్తే ఊరు కదిలేది. కానీ తాంబూలం అంటే ఆ మనిషికి ప్రాణం. తిరిగే పల్లెలు పోతే మేళం పోతుందని రోజూ భయపడేవాడు.

కుప్పయ్య అటు పోగానే రాఘవమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచింది.

"నన్నొక మాట అడగొద్దా మామా? పాడేది నేను గదా!"

"ఏం పెద్ద పాటని అడగల్ల?" జయరావు నవ్వు తెచ్చుకున్నాడు. "నాలుగు ముక్కలు. సింగారం పాటతో వచ్చేసి, ఆపైన ఆయన సెప్పిన నాలుగు మాటలు పాడేస్తే తీరిపాయె. ఉలవక్క అంటే సింగారం పాటే అని సగం ఊరు అంటాది."

"మొగోళ్ల సగం."

"మొగోళ్లే గదమ్మే తాంబూలం ఇచ్చేది!"

"ఇచ్చుకోనీ. సింగారం పాటలో ఉలవక్క మామకోసం ఎదురు సూస్తా ఉంటాది. తిరగలి పాటలో అత్తను తల్సుకుని ఏడుస్తా ఉంటాది. ఈ పాటలో ఆమె ఎవురికోసమూ రాలే. తనకోసం తాను వస్తాది. అది పీకేస్తే ఏం మిగుల్తాది? రంగేసిన తోలు."

"తోలే గదే అది!"

రాఘవమ్మకు గుండెలో గుచ్చుకుంది. పద్నాలుగేళ్లకు వచ్చి ఈ బండి ఎక్కిన దగ్గరనుంచి ఆమె తలెత్తి మాట్లాడింది ఆ తోలు నోటితోనే. మగడికి ఆ సంగతి తెలియదా? తెలిసే అంటున్నాడా? ఆమె చట్టి దించి పక్కన పెట్టింది. ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు.

బొమ్మలాట వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. బొమ్మ పాతబడి చినిగితే పారేయరు, కాల్చరు. ఏట్లో పారే నీళ్లకు ఇస్తారు, మనిషిని సాగనంపినట్టే. ఆ బొమ్మ ఏ పాటతో తెర మీదికి వచ్చేదో ఆ పాట చివరిసారి పాడి వదిలేస్తారు. బొమ్మతో పాటు పాట కూడా పోయినట్టే. కొత్త బొమ్మకు కళ్లు దిద్దే రోజున కొత్త పాట కట్టుకోవాలి. ఉలవక్క నాగరత్నమ్మ పెళ్లికి ముందరి బొమ్మ. మెడ దగ్గర కుట్టు విడిపోయి ఉంది. జయరావు ఆ కుట్టును చూశాడు. బొమ్మను నీళ్లకు ఇచ్చేస్తే పాట తనంతట తానే పోతుంది. మునసబుకు భయపడ్డారని ఎవరూ అనరు. పెళ్లాం కూడా కట్టుబాటుకు ఎదురు చెప్పడానికి లేదు. మహా తెలివి!

మరునాడు రాఘవమ్మ ఎద్దులకు గడ్డి అడుక్కురావడానికి పోయి వచ్చేసరికి పెట్టె మూత సరిగ్గా పడలేదు. ఉలవక్కను ఎప్పుడూ అందరికంటే పైన పడుకోబెడతారు. మూత ఎత్తితే పైన మంత్రి ఉన్నాడు.

"ఆమె యాడ?"

జయరావు శ్రుతికోసం మద్దెలకు బూడిదముద్ద పెడుతూ తల ఎత్తలేదు. "నీళ్లకు ఇచ్చేసినా. మెడ సినిగింది గదా, ఎన్నాళ్లని..."

"పాడి ఇచ్చినావా?"

"పాడినా."

రాఘవమ్మ గడ్డిమోపు అక్కడే వదిలేసి ఏటికి పరుగెత్తింది. ఇసకలో కాళ్లు కూరుకుపోతున్నాయి. ఏటి నడిమధ్య చెలమ దగ్గర, అంటే ఇసక తోడి నీళ్లు ఊరబెట్టుకునే గుంట దగ్గర, ఊరి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో దూరంగా నిలబడి ఉన్నారు.

"ఎవురో ఆడమనిషి బోర్లా పడి ఉండాది మే, ముట్టుకోడానికి బయమేసింది" అన్నది వాళ్లలో ఒకామె.

చెలమలో ఉలవక్క బోర్లా తేలుతోంది. రాఘవమ్మ మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో ఎత్తింది. తోలు నాని పచ్చితోలులా వేలాడింది. రంగులు చెదిరాయి, కొప్పులో పువ్వు కరిగి చెంప మీదికి కారింది. అప్పటిదాకా ఏడవని మనిషి అక్కడ ఏడ్చింది. ఒకామె బిందె కింద పెట్టి, పక్కన కూర్చుని, పమిట చెంగుతో బొమ్మ మొహం అద్దింది.

గుడారం దగ్గరికి వచ్చేటప్పటికి రాఘవమ్మకు ఏడుపు పోయి మంట మిగిలింది. బొమ్మను అత్త ముందు పరిచింది.

"అత్తా, నువ్వే సెప్పు. ఈమె పోయినట్టా, పోనట్టా?"

నాగరత్నమ్మ తడిమి తడిమి చూసింది. కళ్లు మసకబారాయి గానీ వేళ్లకు అన్నీ తెలుసు. కొడుకువైపు తిరిగింది.

"ఏరు పారతా ఉండాదా?"

"ఏరు యాడుండాదమ్మా? సెలమలో ఏసినా."

"సెలమ పారతాదా?"

జయరావు మద్దెల మీది బూడిదముద్దను మళ్లీ నొక్కాడు.

"నిలవ నీళ్లలో ఏసింది ఏసినట్టు కాదు. బొమ్మ పోలేదు, పాటా పోలేదు. ఈ మాత్రం తెలీకుండా మేళం ఎట్ల నడుపుతా ఉండావురా?" అని ముసలామె లేచి రంగుల చిప్ప వెతకడానికి పోయింది.

"మరి తాంబూలం?" అన్నాడు జయరావు, ఎవరికో అన్నట్టు.

"తీసుకున్నోడివి నువ్వు" అన్నది రాఘవమ్మ. "తిరిగి ఇచ్చేయ్. లేదంటే ఊరికే కూసో. నేను పాడేది పాడతా. పల్లెలు పోతే పోనీ, పస్తుంటా. ఇంత బతుకులో నేను గట్టిగా అన్న మాటలు ఆ నాలుగే. వాటిని కూడా మునసబు గుమ్మంలో పెట్టి రమ్మంటే రాను."

తడితోలుకు ఒక గుణం ఉంది. ఎలా లాగి ఆరబెడితే అలా బిగుసుకుంటుంది. ఉలవక్క మెడ పాత బొమ్మలో కాస్త ముందుకు వంగి ఉండేది. రాఘవమ్మ మెడకు కొత్త తోలు అతికి కుట్టి, గడ్డం పైకెత్తి, చేతులు రెండూ నడుం మీదికి లాగి, చుట్టూ రాళ్లు పెట్టి నీడలో ఆరబెట్టింది. ఎండేసరికి ఉలవక్క ఎవరివైపు చూసినా పైనుంచి చూస్తున్నట్టే తయారైంది. నాగరత్నమ్మ పువ్వు మళ్లీ దిద్దింది, ముందటి దానికంటే పెద్దది. జయరావు ఆ పక్కకే రాలేదు.

తాంబూలం అతను తిరిగి ఇవ్వనూ లేదు. చెప్పిన రోజుకు నల్లగుట్టపల్లె నడివీధిలో గుంజలు పాతి తెల్లటి తెర కట్టారు. తెర వెనక దీపాలకు ఆముదం మునసబు ఇంటినుంచి రావడం ఆ ఊరి ఆచారం, వచ్చింది. పొద్దు గూకగానే జనం చేరారు. ఎండకు మాడిపోయిన మొహాలు, వాన మీద ఆశ. చెంగల్రాయుడు ముందు కుర్చీ వేయించుకుని, మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. ఉలవక్క దండం పెడుతుందట అని ముందే ఊరంతా చాటించాడు.

దేవుడి పాట అయింది. రాజులు వచ్చారు, మాట్లాడారు, పోయారు. పిల్లలు కునకడం మొదలుపెట్టారు. ఆ వేళయింది.

రాఘవమ్మ బొమ్మను చేతిలోకి తీసుకుంది. నిజం చెప్పాలంటే ఆమెకు చచ్చేంత భయంగా ఉంది. పక్కన మద్దెల ముందు జయరావు ఆమె మొహం చూడకుండా, "ఆలోసించుకో రాఘవా" అన్నాడు మెల్లగా. ఆమె ఉలవక్కను తెరకు ఆనించింది.

చేతులు నడుం మీద పెట్టుకుని, గడ్డం ఎత్తుకుని ఉలవక్క వచ్చి నిలబడింది. జనంలో గలగల మొదలైంది. చెంగల్రాయుడు కుర్చీలో ముందుకు వంగాడు.

"చేతులు జోడించమను!"

ఎవురే ఎవురే అని అడిగేటోళ్లకు
ఎదురే వచ్చినా నేను...

"ఆపు!" మునసబు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. "జయరావూ, నేను సెప్పిన పాట ఇదేనా? తాంబూలం తీసుకుని మోసం సేస్తావా? ఆ ఆముదం ఎవురింటిదిరా? నా నూనె పోసుకుని నా మీదనే పాటలా? కుప్పయ్యా! ఆ దీపాలు ఆర్పేయ్!"

కుప్పయ్య తెర వెనక్కి వచ్చాడు. ఒక్క క్షణం రాఘవమ్మను చూసి తల వంచుకుని, తడిగుడ్డతో వత్తులు నొక్కేశాడు. తెర మీద ఉలవక్క పోయింది. తెర కూడా పోయింది. అమావాస్య దగ్గర రోజులు, వీధంతా కటిక చీకటి. ఎవరో పిల్ల ఏడ్చింది, తల్లి నోరు మూసింది.

"ఇప్పుడు పాడమను సూస్తా" అన్నాడు చెంగల్రాయుడు చీకట్లోంచి. గొంతులో నవ్వు ఉంది.

రాఘవమ్మ చేతిలో బొమ్మ బరువు తప్ప ఇంకేమీ లేదు. దీపం లేకపోతే బొమ్మలాట వాళ్లు ఎవరు? అక్కడితో మూట సర్దుకోవాలి. ఆమె సర్దుకోలేదు.

"దీపం నీదే నాయుడూ, తీసుకో. గొంతు నాది."

అన్నది ఉలవక్కా, రాఘవమ్మా? ఆమెకే తెలియదు. మొదటినుంచి మళ్లీ ఎత్తుకుంది. మద్దెల లేదు, తాళం లేదు, బొమ్మ లేదు. ఎవురే ఎవురే అని అడిగేటోళ్లకు ఎదురే వచ్చినా. గొంతు మొదట వణికింది, రెండో ముక్కకు నిలబడింది. మూడో ముక్క ఎత్తుకునేసరికి చీకట్లో మద్దెల పలికింది. ఎవరి చెయ్యో చూడనక్కర్లేదు, అలా వాయించేవాడు ఒక్కడే. కుండలో గంజి లేకుంటే ఏమే, కొప్పులో పువ్వుండాది సూడక్కా! ఆ మాట వెళ్లి చివరి ఇళ్ల గోడలకు తగిలింది.

పాట అయిపోయింది.

అప్పుడు ఆడవాళ్ల పక్కనుంచి ఒక గొంతు లేచింది.

"ఉలవక్కా! నిలిపేసినావేం మే? ఇంకోతూరి పాడు!"

"ఎవురది?" చెంగల్రాయుడు అరిచాడు. "ఎవురది అంటా ఉండా!"

ఎవరని చెప్పాలి? ఆయనే ఆర్పించాడు కదా దీపాలు! చేతికి చెయ్యి కనపడని చీకటి. ఎవరి నోరో ఎవరికి తెలుస్తుంది?

"ఎవురే ఎవురే అని అడగతా ఉండాడు మే" అన్నది ఇంకో గొంతు, ఈ మూలనుంచి.

"సూరీడు గుంకినాడా ఏంది, ఇంత సీకటి?" అన్నది మరొకటి, ఆ మూలనుంచి. ఈసారి మగగొంతు.

నవ్వు మొదలైంది. ముందు ముసిముసిగా, ఆపైన పట్టపగ్గాల్లేకుండా. పగలు ఆయన ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్లు, కిరసనాయిలు సీసా పట్టుకుని ఆయన గుమ్మంలో గంటలు నిలబడినవాళ్లు, అందరూ చీకట్లో నోరు విప్పారు.

"దీపాలు ఎలిగించు కుప్పయ్యా! ఎవురో సూడల్ల నేను! ఎలిగించు!"

"అగ్గిపెట్టె యాడనో పడిపాయె సామీ" అన్నాడు కుప్పయ్య. "సీకట్లో కనపడలే."

రాఘవమ్మ ఇంకోసారి పాడింది. ఆ తర్వాత ఇంకోసారి. చెంగల్రాయుడు ఎప్పుడు లేచి పోయాడో ఎవరూ గమనించలేదు. ఆయన కుర్చీకి తగిలి ఒక ముసలాయన పడ్డప్పుడు తెలిసింది, అందులో ఎవరూ లేరని.

వాన రాలేదు. అయినా అది ఉలవక్క నోటి దురుసువల్లేనని ఈసారి ఒక్కరు కూడా అనలేదు. తెల్లవారగానే మునసబు మనిషి వచ్చి, ఈ ఊళ్లోగానీ, ఆయన మాట చెల్లే ఏ ఊళ్లోగానీ మళ్లీ తెర కట్టకూడదని చెప్పి పోయాడు. జయరావు గుంజలు పీకి, తెర మడిచి, బండి కట్టాడు. నాగరత్నమ్మ ముందే ఎక్కి కూర్చుంది. ఉలవక్కను పెట్టెలో అందరికంటే పైన పడుకోబెడుతున్న పెళ్లాం దగ్గరికి అతను వచ్చాడు.

"ఈ పక్క పల్లెలన్నీ పోయినట్టే రాఘవా" అన్నాడు. కోపంగా అనలేదు.

"పల్లెలకేం మామా, తడ దాకా ఉండాయి, నాయుడుపేట దాకా ఉండాయి. ఈమె పోయుంటే నన్ను నేను యాడ వెతుక్కునేది?"

జయరావు పెట్టె మూత తానే వేసి, తాడు బిగించి, ఎద్దులను అదిలించాడు.